కర్ర ఆఖరున కొనండి

(బరంపురంలో తెలుగువాళ్ల ఆదివారం కూడికలో గాలం వేటపై చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాను కింద ఉన్నవాళ్లు కాస్త ముందుకి జరగండి. ఈ మైకు నా గొంతు కన్నా ఆ ఫ్యాను గొంతే ఎక్కువ పట్టుకుంటోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

గాలం వేట గురించి, కర్రలూ సామాన్ల గురించి చెప్పమన్నారు. చెప్పే ముందు ఒకటి అడుగుతాను, మొహమాటం లేకుండా చెయ్యెత్తండి. ఫోన్లో వీడియోలు చూసి కర్ర కొన్నవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. సరే, చెయ్యి దించకండి. ఆ వీడియోలో పట్టినట్టు ఆ కర్రతో చేప పట్టినవాళ్లు? చూశారా, చేతులన్నీ దిగిపోయాయి. ఆయన ఒక్కడే ఎత్తాడు, ఆయన వల వేస్తాడని నాకు తెలుసు.

తప్పు మీది కాదు. ఆ వీడియోలో చేప వేరు, నీళ్లు వేరు. అంతే జరిగింది.

ఆ చేప పేరు బాస్. పూర్తి పేరు లార్జ్‌మౌత్ బాస్, పెద్ద నోరు ఉంటుంది కాబట్టి. ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని నదులు, సరస్సులు దాని సొంత చోటు. అమెరికాలో గాలం వేట అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చే చేప ఇదే. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఆయన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. మన లెక్కలో పది కిలోల పైచిలుకు. 77 ఏళ్లు ఆ రికార్డుని ఎవరూ అందుకోలేదు. 2009లో జపాన్‌లో, బివా సరస్సులో, మనాబు కురితా అనే ఆయన పట్టింది దానికన్నా ఒక ఔన్సు లోపే ఎక్కువ తూగింది. ఎక్కువే కదా, రికార్డు ఆయనదే అనుకుంటాం. కానీ కనీసం రెండు ఔన్సుల తేడా ఉండాలని రికార్డులు రాసేవాళ్ల నియమం. అందుకని ఇద్దరికీ సమానంగా రాశారు.

మరి అమెరికా చేప జపాన్‌లో ఏం చేస్తోంది? 1925లో అషి అనే సరస్సులో తెచ్చి వదిలారు. అక్కణ్ణించి దేశమంతా పాకింది. అక్కడి చిన్న చేపల్ని తినేస్తోందని గొడవ. 2005 నుంచి అక్కడ దాన్ని పెంచడం, మోసుకెళ్లడం, వేరే నీళ్లలో వదలడం చట్టరీత్యా నిషేధం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనవాళ్లలో ఒకబ్బాయి నన్ను అడిగాడు, "మాస్టారూ, ఆ బాస్ పిల్లల్ని తెప్పించి మన తంపర సరస్సులో వదిలితే ఎలా ఉంటుంది?" అని. వద్దు నాయనా. మనకి ఉన్న చేపలు చాలు.

అయితే బాస్ గురించి మనం పట్టించుకోనక్కర్లేదా? అక్కడే ఉంది మెలిక. మనం దుకాణంలో కొనే కర్రలు, రీళ్లు, రబ్బరు కప్పలు, రబ్బరు వానపాములు, వీటిలో చాలావాటిని బాస్ వేట కోసమే తయారుచేశారు. కర్ర మీద రాసి ఉండే అక్షరాలు, కొలతలు ఆ వేట భాషే. ఆ భాష మనకి రావాలి. వచ్చాక, అందులో మన చెరువుకి పనికొచ్చేది ఎంత, పనికిరానిది ఎంత అని వేరు చేసుకోవాలి. ఇవాళ నేను చేయబోయేది అంతే.

మనవాళ్లు కొనే వరుస ఎలా ఉంటుంది? ముందు కర్ర కొంటారు. దానికి తగిందని చెప్పి రీలు కొంటారు. దుకాణంవాడు ఏ దారం చుట్టిస్తే అది. ఆ తర్వాత ఒక డబ్బా నిండా రంగురంగుల ఎరలు. అప్పుడు, అన్నీ అయ్యాక, ఏ చెరువుకి వెళ్దాం అని ఆలోచన. కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టు. నేను చెప్పే వరుస తలకిందులు. ముందు చేప. తర్వాత ఆ చేప ఉండే నీళ్లు. ఆ నీళ్లలో నడిచే ఎర. ఆ ఎరని మోసే దారం. దారానికి రీలు. కర్ర ఆఖరున. మళ్లీ చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి: చేప, నీళ్లు, ఎర, దారం, రీలు, కర్ర.

ముందు చేప. బాస్‌లాగా పొంచి ఉండి దూకే చేప మన దగ్గర ఏది? చెరువులో అయితే కొర్రమీను. మన బజారులో ఒడియావాళ్లు శేవుల అంటారే, అదే. నదీముఖంలో అయితే పండుగప్ప, వాళ్లు భెక్టి అంటారు. బొచ్చె, శీలావతి ఈ లెక్కలోకి రావు. అవి వెంటపడి వేటాడే చేపలు కావు, వాటికి తవుడు ముద్ద, బెండు, ఓపిక. ఆ వేట వేరు, దానికి కర్రలు వేరు. ఇవాళ దాని జోలికి పోవడం లేదు.

కొర్రమీనుకీ బాస్‌కీ పోలిక ఏమిటి? రెండూ నీడలో, మొక్కల చాటున, మొద్దు పక్కన కదలకుండా నిలబడతాయి. ఎదురుగా ఏదైనా కదిలితే ఒక్కసారిగా మీదపడతాయి. రెండూ కప్ప కనిపిస్తే వదలవు. రెండూ పిల్లల్ని కాస్తాయి. అందుకే బాస్ కోసం చేసిన రబ్బరు కప్ప మన కొర్రమీనుకి అచ్చంగా సరిపోయింది.

తేడాలు కూడా చెప్పాలి, ఎందుకంటే వేళ్లు తెగేది అక్కడే. వీడియోలో చూస్తారు, బాస్ పట్టగానే బొటనవేలు దాని నోట్లో పెట్టి కింది దవడ పట్టుకుని ఎత్తుతారు. బాస్ పళ్లు గరుకు కాయితంలా ఉంటాయి, ఏమీ కాదు. కొర్రమీను నోట్లో వేలు పెట్టి చూడండి! వద్దు, చూడకండి. దానికి నిజమైన పళ్లున్నాయి. గాలం తియ్యడానికి పొడుగు ముక్కు పట్టకారు లేకుండా వెళ్లకండి. పండుగప్పకి పళ్లు అంతగా ఉండవు కానీ చెక్కిలి మీది రేకు అంచు కత్తిలా కోస్తుంది. అక్కడ చెయ్యి పెట్టకూడదు.

రెండో తేడా ఊపిరి. కొర్రమీను నీళ్లపైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. మొప్పలు ఒక్కటే దానికి చాలవు. ఇది వేటగాడికి పెద్ద వరం. పొద్దున్న గాలి లేని వేళ గట్టు మీద నిలబడి, ఎర వెయ్యకుండా, ఊరికే చూడండి. ఎక్కడో ఒకచోట "బుళుక్" అని నీరు కదిలి సుడి పడుతుంది. అక్కడ కొర్రమీను ఉందన్నమాట. బాస్ వేటగాళ్లు పడవకి సోనార్ పెట్టుకుని అడుగున చేపని వెతుక్కుంటారు. మనకి చేపే పైకొచ్చి చెబుతోంది. ఇంకొకటి, పట్టిన కొర్రమీనుని సంచీ వలలో వేసి పూర్తిగా నీళ్లలో ముంచి ఉంచుతారు కొందరు, తాజాగా ఉంటుందని. పైకొచ్చి గాలి పీల్చే వీలు లేకపోతే అది నీళ్లలోనే చచ్చిపోతుంది. వలలో పై భాగం నీళ్లపైన ఉండేటట్టు చూడండి.

మూడో తేడా, బాస్ కాలాన్ని బట్టి లోతుకి వెళ్తుంది, పైకి వస్తుంది. అందుకే వాళ్ల పెట్టెలో లోతుకి దూకే ఎరలు, అడుగున పాకే ఎరలు, మధ్యలో వేలాడే ఎరలు, ఎన్నో రకాలు. కొర్రమీను చాలావరకు గట్టు పక్క, తక్కువ లోతులో, నాచులో, తూటికాడల మధ్య, కలువాకుల కింద ఉంటుంది. అంటే వాళ్ల పెట్టెలో సగానికి పైగా మనకి అక్కర్లేదు. క్రాంక్‌బైట్ అని మూతి ముందు ప్లాస్టిక్ నాలుకతో ఒక చేప బొమ్మ ఉంటుంది, మూడేసి మొనల కొక్కేలు రెండు వేలాడుతుంటాయి. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో! మన చెరువులో వేస్తే మొదటి విసురుకే అరకేజీ నాచు తెస్తుంది, రెండో విసురుకి తిరిగి రాదు. నూట ఇరవై ముక్కల సెట్టు అని అమ్ముతారు కదా ఆన్‌లైన్లో, అందులో మీకు పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

కాబట్టి ఎర. మన నీళ్లకి మొదటి ఎర లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, మిగతావి పరుగెత్తిస్తాను.

ఈ కప్పకి కింద రెండు కొక్కేలు వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి. అందుకే ఆకుల మీద జారుతుంది, తగులుకోదు. చేప నోట్లో నలిపినప్పుడు రబ్బరు లోపలికి అణిగి కొక్కేలు బయటపడతాయి. కొనేటప్పుడు రెండు వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా అణగాలి. గట్టిగా ఉంటే చేప నొక్కినా కొక్కెం బయటికి రాదు, రంగు ఎంత బాగున్నా వదిలెయ్యండి. కొక్కెం మొనని బొటనవేలి గోరు మీద తేలిగ్గా ఆన్చి జరపండి. జారిపోతే మొద్దు, పట్టుకుంటే పదును. రంగు గురించి అడుగుతారు అందరూ. నా వరకు నలుపు, ఆకుపచ్చ, తెలుపు, ఈ మూడూ చాలు. మబ్బు పట్టిన వేళ నలుపు ఇష్టం నాకు. ఆకాశానికి ఎదురుగా ఆకారం బాగా తెలుస్తుంది చేపకి.

ఎక్కడ వెయ్యాలి? సుడి పడిందన్నాను కదా, సరిగ్గా ఆ సుడి మీద వెయ్యకూడదు, బెదిరిపోతుంది. దానికి అవతల రెండు మూడు బారల దూరంలో వేసి, మెల్లగా దాని మీదుగా తెండి. కర్ర కొన నీళ్లవైపు దించి ఉంచండి. మణికట్టుతో చిన్నగా తట్టడం, వదులు చుట్టడం. తట్టు, చుట్టు. తట్టు, చుట్టు. ఆకుల మధ్య ఖాళీ వచ్చిన చోట ఆపండి. ఆపడం రాదు మనకి! అందరూ గబగబా లాగేస్తారు. చాలాసార్లు చేప కొట్టేది ఆగినప్పుడే.

ఇప్పుడు అసలు సంగతి. నీరు పేలుతుంది, "భళ్" మని. గుండె ఆగినంత పనవుతుంది. మీ చెయ్యి ఏం చేస్తుంది? వెంటనే లాగుతుంది. కప్ప గాల్లో ఎగిరి మీ మొహం మీదికి వస్తుంది. చేప నోటిదాకా వచ్చింది, ఇంకా మూయలేదు, మీరు లాక్కున్నారు. ఆ శబ్దం విని లాగకూడదు. బరువు తెలిశాక లాగాలి. శబ్దం వచ్చాక కప్ప కనబడటం లేదా, దారం కదులుతోందా చూడండి. వదులుగా ఉన్న దారం చుట్టండి. చేతికి బరువు తగిలిందా, అప్పుడు రెండు చేతులతో గట్టిగా పైకి కొట్టండి. కొర్రమీను నోరు ఎముక, మెత్తగా లాగితే దిగదు. కొట్టాక ఆపకుండా చుట్టాలి. వదులిచ్చారా, నాచులోకి తల దూరుస్తుంది, ఇక అది రాదు. ఒకవేళ కొట్టి తప్పిపోయిందనుకోండి, కప్ప అక్కడే ఉందా, కదపకండి. కాసేపు ఆగి చిన్నగా తట్టండి. చాలాసార్లు రెండోసారి వస్తుంది.

రెండో ఎర, రబ్బరు వానపాము. దాన్ని టెక్సస్ పద్ధతిలో కట్టాలి. దారానికి తూటా ఆకారం సీసం గుండు, దాని కింద మెడ వంగిన కొక్కెం. వానపాము తలలోంచి కొక్కెం మొన దూర్చి బయటికి తీసి, తిప్పి, ఒంట్లో దాచేస్తారు. మొన దాగి ఉంటుంది కాబట్టి నాచులో తగులుకోదు. ఎండ ఎక్కి కప్పని పట్టించుకోని వేళ ఇది పనిచేస్తుంది. కొర్రమీను పళ్లకి రబ్బరు తెగుతుంది, సంచీలో ఇంకో నాలుగు ఉంచుకోండి. మిగతావి, స్పిన్నర్‌బైట్ అని తిరిగే రేకులతో ఒకటుంది, బురద నీళ్లలో బాగుంటుంది, ఒకటి కొనుక్కోవచ్చు. డ్రాప్‌షాట్, కరోలినా, వాకీ, ఇవన్నీ ఎక్కువగా నాచు తక్కువ ఉన్న నీళ్లలో రబ్బరు ఎర కట్టే పద్ధతులు. నేర్చుకోండి సరదాకి. చెరువుకి తీసుకెళ్లనక్కర్లేదు.

దారానికి వద్దాం. మూడు రకాలు. మామూలు నైలాను తీగ, మోనో అంటారు. సాగుతుంది, చవక, ముడి పట్టు బాగుంటుంది. ఫ్లోరోకార్బన్, నీళ్లలో తక్కువ కనిపిస్తుంది, మునుగుతుంది. మూడోది అల్లిన దారం, బ్రెయిడ్. సన్నగా ఉంటుంది, బలం ఎక్కువ, దాదాపు సాగదు, తేలుతుంది. ఇప్పుడు మీరే చెప్పండి. కప్ప నీళ్లపైన నడవాలి. దూరం నుంచి కొట్టినా కొక్కెం ఎముకలో దిగాలి. నాచులోంచి చేపని ఈడ్చుకురావాలి. ఏ దారం? బ్రెయిడ్! సరిగ్గా చెప్పారు. ఫ్లోరోకార్బన్ కడితే మునిగి కప్ప మూతిని కిందికి లాగుతుంది. మోనో కడితే మీరు ఇక్కడ కొడితే అక్కడికి సగం చేరుతుంది. బాస్ కప్పలకి వాళ్లు 50, 65 పౌండ్ల బ్రెయిడ్ వాడతారు. మన చెరువులకి 30 నుంచి 50 పౌండ్లు సరిపోతుంది. పౌండు అంటే అరకిలోకి కాస్త తక్కువ. 30 పౌండ్లంటే పదమూడున్నర కిలోలు. "కిలోన్నర చేపకి పదమూడు కిలోల దారమా?" అంటారు. చేప కోసం కాదమ్మా, చేపతో పాటు వచ్చే నాచు కోసం.

డబ్బా మీద పి.ఇ. అని ఒక అంకె ఉంటుంది. అది మందం లెక్క, బలం లెక్క కాదు. ఒకే పి.ఇ. అంకె మీద రెండు కంపెనీల బలాలు వేరుగా ఉండచ్చు. ఇంకో సంగతి, బ్రెయిడ్‌ని నేరుగా రీలుకి చుడితే నున్నగా ఉండి స్పూలు మీద, అంటే దారం చుట్టే కండె మీద, గుండ్రంగా జారిపోతుంది. అడుగున కొన్ని చుట్లు మోనో వేసి, ఆ పైన బ్రెయిడ్ కట్టండి. ముడికి పాలోమర్ నేర్చుకోండి. దారాన్ని మడతపెట్టి కన్నంలోంచి దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, ఆ ఉచ్చులోంచి ఎరని దాటించి బిగించడమే. ఎవరికైనా వస్తుంది. బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి, ముఖ్యంగా మోనో, అక్కడే బలహీనపడుతుంది.

రీలు. రెండు రకాలు. కర్ర కింద వేలాడేది స్పిన్నింగ్. కర్ర పైన కూర్చునేది బైట్‌కాస్టర్. కొత్తవాళ్లు స్పిన్నింగ్ తీసుకోండి, 3000 సైజు. బైట్‌కాస్టర్ మంచిదే, బరువైన ఎరకి గురి బాగా కుదురుతుంది, కానీ విసిరినప్పుడు స్పూలు కూడా తిరుగుతుంది. ఎర నెమ్మదించినా స్పూలు నెమ్మదించకపోతే దారం పక్షిగూడు అయిపోతుంది. బొటనవేలితో స్పూలుని అదుపు చెయ్యడం అలవాటు కావాలి. కొన్నవాళ్లు ఉంటే ఒక చిట్కా: ఎర కట్టి, కర్ర అడ్డంగా పట్టుకుని, మీట నొక్కి వదలండి. ఎర మెల్లగా దిగాలి, నేలని తాకగానే స్పూలు ఆగాలి. పక్కనున్న మరని అలా వచ్చేదాకా బిగించండి. 6.2:1 అని రాసి ఉంటే పిడి ఒక చుట్టు తిప్పితే దారం స్పూలు మీద ఆరు చుట్లకి పైన చుట్టుకుంటుందని. కప్పకి వేగం కావాలి, ఆరు, ఏడు మధ్యలో ఉండేది చూడండి. బేరింగులు పదున్నాయి, పదమూడున్నాయి అని చెప్పి అమ్ముతారు. బేరింగులు లెక్కపెట్టకండి, డ్రాగ్ చూడండి. అంటే చేప లాగినప్పుడు దారాన్ని కొంచెం కొంచెంగా వదిలే బ్రేకు. చేత్తో దారం లాగితే వరసగా, నున్నగా రావాలి. ఆగి ఆగి, కుదుపుగా వస్తే ఆ రీలు వద్దు.

ఇప్పుడు కర్ర. ఆఖరున అన్నాను, ఆఖరుకే వచ్చాం.

పిడికి పైన, కర్ర మీద సన్నటి అక్షరాలతో ఒక వరుస ఉంటుంది. అది చదవడం వస్తే దుకాణంవాడిని ఏమీ అడగనక్కర్లేదు. పొడుగు, పవరు, యాక్షను, దారం బలం, ఎర బరువు. ఈ అయిదూ ఉంటాయి. పవరూ యాక్షనూ ఒకటే అనుకుంటారు చాలామంది. వేరు. పవరు అంటే కర్రని వంచడానికి ఎంత బలం కావాలి అని. లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ, అలా వెళ్తుంది. ఎం.హెచ్. అని ఉంటే మీడియం హెవీ. యాక్షను అంటే ఎక్కడ వంగుతుంది అని. ఫాస్ట్ అంటే కొన దగ్గరే వంగి మిగతా కర్ర నిటారుగా ఉంటుంది. మోడరేట్ అంటే మధ్యదాకా వంగుతుంది. స్లో అంటే పిడిదాకా.

మన కప్పకి ఏది? కొన కాస్త మెత్తగా ఉండాలి, లేకపోతే కప్పని నడిపించలేం. నడుము గట్టిగా ఉండాలి, లేకపోతే నాచులోంచి లాగలేం. అంటే మీడియం హెవీ, ఫాస్ట్. ఆరున్నర నుంచి ఏడు అడుగులు. గట్టు మీద చెట్లు ఎక్కువైతే ఆరున్నర. ఖాళీ గట్టయితే ఏడు. అంతకన్నా పొడుగు కర్ర మోసుకుని తుప్పల్లో తిరగడం కష్టం.

వీటన్నిటికన్నా ముఖ్యం ఎర బరువు. దీన్ని ఎవరూ చదవరు! గ్రాముల్లో ఉంటుంది, లేదా ఔన్సుల్లో. పావు ఔన్సు 7 గ్రాములు, అర ఔన్సు 14, ముప్పావు 21, ఔన్సు 28. విసిరేటప్పుడు కర్రని వెనక్కి వంచేది ఎర బరువే. ఆ వంపు విచ్చుకున్నప్పుడే ఎర దూరం వెళ్తుంది. కర్ర మీద 14 నుంచి 42 గ్రాములని ఉంది, మీ దగ్గర చిన్న కప్ప 8 గ్రాములే. ఆ కర్ర వంగదు. మీరెంత బలం పెట్టి విసిరినా నాలుగు బారల్లో పడుతుంది. ఇందాక చేతులు దించినవాళ్లలో చాలామంది బాధ ఇదే అయి ఉంటుంది. "కర్ర మంచిది కాదు" అంటారు. కర్ర మంచిదే, ఎర తూకం కలవలేదు. అందుకే ముందు కప్ప కొని, దాన్ని జేబులో వేసుకుని కర్ర దుకాణానికి వెళ్లమంటాను.

కార్బనా, ఫైబరా? కార్బన్ తేలిక, చేతికి కబురు బాగా తెస్తుంది, దెబ్బ తగిలితే విరుగుతుంది. ఫైబర్ గ్లాసు బరువు, మెత్తన, మోటుగా వాడినా తట్టుకుంటుంది. పిల్లలకి ఇచ్చేదయితే ఫైబర్ కొనండి. రెండూ కలిపి చేసినవీ ఉన్నాయి, ఒకే కర్ర కొనేవాళ్లకి అవి నప్పుతాయి. బస్సులో, రైల్లో ఇచ్ఛాపురం వైపు వెళ్లేవాళ్లు రెండు ముక్కల కర్ర తీసుకోండి. ఒకదాంట్లో ఒకటి దూరే టెలిస్కోప్ కర్రలు సంచీలో పడతాయి కానీ ఈ కొట్టుడు వేటకి నాకు నచ్చవు, కీళ్ల దగ్గర వదులవుతాయి.

దుకాణంలో చూడాల్సినవి. కర్రని కంటి దగ్గర పెట్టుకుని రింగులన్నీ ఒక వరుసలో ఉన్నాయా చూడండి. చిన్న దూది తీసుకుని ప్రతి రింగు లోపలా తిప్పండి. దూది పోగులు చిక్కుకుంటే అక్కడ పగులుంది, అది మీ దారాన్ని కోసేస్తుంది. వంపు చూడాలంటే కొన చేత్తో పట్టి వంచకండి, సీలింగుకి ఆనించి నొక్కకండి. అలాగే విరుగుతాయి కర్రలు. రింగుల్లోంచి దారం దూర్చి, స్నేహితుణ్ణి కొస పట్టుకోమని, మీరు మెల్లగా కర్ర ఎత్తండి. పైనున్న ఫ్యాను చూసుకుని ఎత్తండి!

డబ్బు ఎలా పంచాలి అని అడుగుతారు. నా అభిప్రాయం, ఉన్నదాంట్లో ఎక్కువ వాటా రీలుకీ దారానికీ పెట్టండి. నాసిరకం రీలుతో మంచి కర్ర కన్నా, మంచి రీలుతో ఓ మోస్తరు కర్ర నయం. ఇందులో నాతో ఏకీభవించనివాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, నాకు తెలుసు. టీ దగ్గర మాట్లాడుకుందాం.

పండుగప్ప గురించి రెండు మాటలు. రుషికుల్య ముఖం దగ్గర, ఇటు ఇచ్ఛాపురం దాటి మళ్లీ మన వైపు వచ్చి సముద్రంలో కలిసే బాహుదా దగ్గర, ఉప్పూ తీపీ కలిసే నీళ్లు. అక్కడ కదిలే నీరు ముఖ్యం. ఆటుకి నీరు తీస్తున్నప్పుడు చిన్న పాయలు పెద్ద పాయలో కలిసే మూలల్లో కాపు కాస్తుంది, బయటికి కొట్టుకొచ్చే రొయ్యలకోసం, చిన్న చేపల కోసం. వంతెన స్తంభాల నీడలో కూడా. ఇక్కడ కప్ప పనికిరాదు. చేప ఆకారం రబ్బరు ఎర, లేదా మునిగే చేప బొమ్మ. బ్రెయిడ్ కొసకి ఒక బారెడు మందపాటి మోనో గానీ ఫ్లోరోకార్బన్ గానీ జోడించాలి, 30, 40 పౌండ్లది, దాని నోటి గరుకుకీ చెక్కిలి అంచుకీ బ్రెయిడ్ తెగుతుంది కాబట్టి. అదే మీడియం హెవీ కర్ర నడుస్తుంది, రెండోది కొనక్కర్లేదు. ఇంటికొచ్చాక కర్రా రీలూ మంచినీళ్లతో కడగండి. ఉప్పు వారంలో రీలుని తినేస్తుంది.

పండుగప్ప మొదట మగ చేపగా పెరిగి తర్వాత ఆడగా మారుతుంది. అంటే బాగా పెద్దవి చాలావరకు ఆడవే, గుడ్లు పెట్టేవే. పెద్దది పడితే ఫోటో తీసుకుని వదిలెయ్యమని నేను చెబుతాను. వినేవాళ్లు వింటారు. ఇంట్లో పులుసుకి మధ్యరకం చేప రుచి ఎక్కువ, అది కూడా చెబుతాను, అలాగైనా వింటారని.

కొర్రమీను సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. వానలు పడ్డాక చెరువులో ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా, నీళ్లపైన ముద్దలా కదులుతూ కనిపిస్తాయి. కింద తల్లీ తండ్రీ ఉంటాయి. ఆ గుంపు మీద కప్ప వేస్తే తప్పకుండా కొడుతుంది, ఆకలితో కాదు, పిల్లల మీదికి వచ్చిందని కోపంతో. వీడియోలలో దీన్నే పెద్ద చిట్కాగా చూపిస్తున్నారు. ఆ రెండింటినీ పట్టేస్తే గుంపంతా మిగతా చేపలకి మేతే. ఈ పని మాత్రం మనవాళ్లెవరూ చెయ్యకూడదు.

పంచాయతీ చెరువులు చాలావరకు ఎవరికో ఒకరికి లీజుకి ఇచ్చి ఉంటాయి, మహిళా సంఘాలకి కూడా. అడక్కుండా దిగకండి. నిజానికి బొచ్చె, శీలావతి పెంచేవాళ్లకి కొర్రమీను శత్రువు, పిల్లల్ని తినేస్తుందని. మర్యాదగా అడిగి, "అమ్మా, మీ బొచ్చెలు ముట్టుకోను, కొర్రమీనే పడతాను" అంటే చాలాచోట్ల సంతోషంగా రమ్మంటారు. రుషికుల్య ఒడ్డుకి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయని మీ అందరికీ తెలుసు. అక్కడ నవంబరు 1 నుంచి మే 31 దాకా సముద్రంలో 20 కిలోమీటర్ల మేర చేపల వేట మీద ఆంక్షలుంటాయి. ఆ రోజుల్లో అటు వెళ్లేముందు మత్స్యశాఖవాళ్లని అడగండి. తెగిన దారం ముక్క ఒక్కటి కూడా ఇసకలో వదలకండి, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి పారెయ్యండి.

ఇంకొక్కటి, చాలా ముఖ్యం. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది. పొలాల మధ్య చెరువుల మీదుగా తీగలు వెళ్తుంటాయి. విసిరే ముందు తలెత్తి చూడండి. ఉరుము వినబడితే కర్ర కింద పెట్టి గట్టు దిగండి. ఆ ఒక్క విసురు వేసి వెళ్దాం అనుకోకండి.

ప్రశ్నలు... ఆ, చెప్పమ్మా. డ్రాగ్ ఎంత బిగించాలి? మంచి ప్రశ్న. దారం బలంలో మూడో వంతు లోపు. 30 పౌండ్ల దారానికి ఎనిమిది, తొమ్మిది పౌండ్లు, అంటే నాలుగు కిలోలు. చేత్తో లాగి అంచనా వేస్తే ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంది, అందుకే స్ప్రింగు తాసు తెచ్చాను. దారం కొసని తాసు కొక్కేనికి కట్టి లాగితే, నాలుగు దగ్గర దారం వదలడం మొదలుపెట్టాలి. ఇంటికెళ్లాక మాత్రం మర వదులు చేసి పెట్టండి, బిగించి నెలలు ఉంచితే లోపలి బిళ్లలు అతుక్కుంటాయి. రీళ్లు తెచ్చుకున్నవాళ్లు ఇటు బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కరికీ సెట్ చేసి చూపిస్తాను. తోసుకోకండి, తాసు ఒక్కటే ఉంది.